పంది చావని ఆట

మొన్న మా అమ్మాయి ఫోనులో ఓ ఆట చూపించింది. అడవిలో ఆకు ఆకూ విడిగా కదులుతోంది. హీరోకు చెమట కూడా అందంగానే పడుతోంది. "ఎట్లుంది నాయనా?" అంది. బాగానే ఉంది, లోపల మనిషెవడూ ఉన్నట్టు లేదంతే. పైకి మాత్రం "బాగుందమ్మా" అన్నాను. ఇంట్లో నా పరపతి నాకు తెలుసు.

ఆటంటే నాకు మా బావ చేసిందే. బావంటే ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఉన్న మా మేనమామ కొడుకు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఇద్దరం నంద్యాలలో ఒకే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాం. నేను చదువుకున్నాను, బావ ఆట తయారుచేశాడు. జొన్నచేను, మంచె, పంచె ఎగ్గట్టిన మనిషి, చేతిలో రాయి పెట్టి విసిరే వడిసెల. నల్లమల వైపు నుంచి పందులొస్తాయి, కొట్టాలి. మనిషికి మోకాళ్లు లేవు. పంది, నిదానంగా చూస్తే, పందే. దెబ్బ తగిలితే చావదు, ఇంకో గట్టు మీద నుంచి వస్తుంది. మనిషి అరుపు మాత్రం అసలుది. మా మామ చేలో పందుల్ని తోలుతూ అరుస్తుంటే బావ టేపులో పట్టుకొచ్చాడు. వెంట నాలుగు బూతులూ వచ్చాయి. మామ ఓసారి వచ్చి చూసి, "ఏందప్పా, చేను కాసే బాధ వద్దని నంద్యాలకు పంపిస్తే, ఈడ గూడా చేనే కాస్తాండావా?" అన్నాడు. అని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆళ్లగడ్డ బస్సు పోయింది.

కోర్సు చివర ప్రదర్శన పెట్టారు. హైదరాబాద్ నుంచి కంపెనీ మనిషి వచ్చి ఒకరికి ఉద్యోగమిస్తాడన్నారు. అది రాకపోతే బావకు మళ్లీ చేలో మంచె ఎక్కడమే గతి. ముందురోజు మా సారు, "తుపాకీ పెట్టు, ప్యాంటు తొడుగు, ఆ బూతులు తీసెయ్" అన్నాడు.

"ప్యాంటేసుకుని మంచెక్కితే పందులు నవ్వుతాయి సార్" అన్నాడు బావ.

బయటికొచ్చాక, "ఉద్యోగం పోతాది బావా" అన్నాను.

"పోనీ. తుపాకీ ఉంటే ఎవుడన్నా కాలుస్తాడు. పంది మళ్లా వస్తాదని తెలిసి గూడా రాయెత్తేటోడప్పా మనోడు."

ప్రదర్శన రోజు మిగతావాళ్ల ఆటల్లో కార్లు నున్నగా పరుగెత్తాయి, చూసేవాళ్లే లేరు. జనమంతా బావ దగ్గరే. అహోబిలం జీపు డ్రైవరొకాయన భక్తుల్ని ఎండలో నిలబెట్టి మరీ ఆడాడు. కంపెనీ మనిషీ కూర్చున్నాడు. పందులు చేను మేసిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి చెమటకు తడిసిన చొక్కాతో లేచి, "ఫినిషింగ్ లేదు" అని, కార్ల ఆట చేసినవాడికి ఉద్యోగమిచ్చి వెళ్లాడు.

బావ చేను కాశాడు, తర్వాత ఆళ్లగడ్డలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టాడు. ఆట అక్కడే ఉంది, మోకాళ్లు లేకుండానే. "ఇప్పుడన్నా కాస్త నునుపు చెయ్యొచ్చు కద బావా" అంటే, "అప్పుడు చెయ్యనోన్ని ఇప్పుడు చేస్తానా" అంటాడు. కాలం మా రోడ్లను, గుట్టలను, నన్ను కూడా అరగదీసి నున్నగా చేసింది. మా బావ దగ్గరికొచ్చేసరికి మాత్రం దానికింకా చెయ్యాడటం లేదు.