బండి కదిలే ముందు ప్రార్థన

ఆ రోజుల్లో సాహసయాత్ర అంటే మాకు పెద్ద అర్థమేమీ లేదు. ఇంట్లో చెప్పకుండా బండి తీసుకొని పోతే చాలు, అదే సాహసం. మాకు అంటే నాకూ, మా అయ్యగారికీ. అయ్యగారంటే నిజం పాస్టరనుకునేరు. ముత్తుకూరు దగ్గర వెల్డింగు పనిచేసే నా చిన్ననాటి స్నేహితుడు. బండి కదిలే ముందు కళ్లు మూసుకొని వాడు చేసే ప్రార్థన ఆదివారం ప్రసంగం కన్నా పొడుగ్గా ఉండేది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. (నేను మాత్రం తక్కువ తిన్నానా, చక్రం కింద నిమ్మకాయ పెట్టందే క్లచ్చి వదిలేవాణ్ణి కాదు. కానీ నిమ్మకాయ చితకడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.)

ఉద్యోగాల్లో చేరిన కొత్తలో మా అన్న కొత్త బండి మీద మైపాడు తీరం వెంట, రోడ్డెక్కకుండా తడి ఇసుక మీదే పోగలిగినంత దూరం పోదామని బయల్దేరాం. ఆటు మీద ఇసుక గట్టిగా ఉంటుంది, పోటు మొదలయ్యేలోగా తిరిగి రావాలి. అయ్యగారు నీళ్ల పక్కనే ప్రార్థన మొదలుపెట్టాడు. బ్రేకులు, టైర్లు, ఎదురొచ్చే లారీలు (సముద్రం ఒడ్డున లారీ ఎక్కణ్ణుంచి వస్తుందో వాడికే తెలియాలి), చివరికి నా ముక్కుమీది కోపం, అన్నీ దేవుడికి అప్పజెప్పి ఆమెన్ అనేసరికి పోటు రానే వచ్చింది. కాస్త దూరం పోయామో లేదో బండి ఇరుసు దాకా దిగబడింది. అన్న ముఖం కళ్ల ముందు మెదిలి నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నీకో దండం, నీ ప్రార్థనకో దండం. ఇంక జన్మలో నీతో యాడికీ రాను" అన్నాను.

"ప్రార్థన చేసుకోబట్టే ఈడ దిగబడింది. లేకుంటే ఇంకా లోపల దిగబడుండేది" అన్నాడు వాడు నిమ్మళంగా.

వల లాగేవాళ్లు తాడేసి బండిని బయటికి లాగారు. "చేపలకు షికారా అబ్బయా?" అని అడిగాడు వాళ్లలో పెద్దాయన. ఇంజను స్టార్టు కాక ఊరిదాకా తోసుకుంటూ వచ్చాం. మళ్లీ ఆదివారం అయ్యగారు చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, "ఈసారి యాడికి పోదాం?" అన్నాడు. నా జన్మ ఒక వారానికే ముగిసింది.

ఆ తర్వాత ఏటా ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉన్నాం. అరకు ఘాట్లు, హంపి రాళ్లు, ఒకసారి లడఖ్ మంచు దాకా. పెళ్లిళ్లయ్యాయి, పొట్టలొచ్చాయి, ప్రార్థనా పెరిగింది. నా షుగరు, వాడి మోకాళ్లు, మా ఆడవాళ్ల శాంతం కూడా అందులో చేరాయి. నేను గొణగని యాత్ర లేదు.

పోయినేడు వాడికి గుండె ఆపరేషనైంది. బండెక్కద్దన్నారు డాక్టర్లు. అసలు ఇంక మా తిరుగుళ్లు ఉంటాయా అని భయపడ్డాను. మొన్న ఎలాగో ఇంట్లోవాళ్లను ఒప్పించి, కావలి దగ్గర సముద్రం చూసొద్దామని కారులో కూర్చోబెట్టుకున్నాను. వాడు కళ్లు మూసి, "ప్రభువా, నీకన్నీ తెలుసు, ఆమెన్" అనేసి నా వంక చూశాడు. నాకు తాళం తిప్పబుద్ధి కాలేదు.

"అంతేనా? మోకాళ్ల సంగతి చెప్పలేదేందిరా?"

"ఆయాసమొస్తుందిరా. ఆయనకు తెలుసులే."

"తెలిసినా చెప్పు. ఆగి ఆగి చెప్పు, నాకేం తొందర లేదు. వచ్చే ఏడుది కూడా కలిపి చెప్పు."

వాడు నవ్వి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఈ వయసులో ఇంకాసేపు ప్రార్థన చెయ్యమని బతిమాలుకుంటున్న నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. నేనూ కళ్లు మూసుకున్నాను.