మగ్గం గుంట మీద సిలిండరు

మొన్న ఎమ్మిగనూరులో మా మేనకోడలి ఇంటికి పోయినప్పుడు, కొత్తగా పరిచిన బండల మీద గ్యాసు సిలిండరు నిలబెట్టి ఉండడం చూసి కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ బండల కింద వాళ్ల నాయన, అంటే మా బావ, కాళ్లు దించి కూర్చుని నేసిన మగ్గం గుంట ఉంది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, గ్యాసు కనెక్షను వచ్చిందంటే ఆ రోజుల్లో వీధి వీధంతా చూడడానికి వచ్చేది. నేను ఆదోనిలో ఒక ఏజెన్సీలో పొయ్యిలు బిగించే పనిలో ఉండేవాణ్ణి. ప్రతి ఇంట్లోనూ పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాణ్ణి: ఇది గాలికంటే బరువు, పైకి పోదు, నేలబారున పాకి పల్లంలో నిలుస్తుంది, వాసన వస్తే తలుపులు తీయండి, అగ్గిపుల్ల గీయకండి అని. పొగకు మా అక్క కళ్లు పాడవుతున్నాయని పట్టుబట్టి వాళ్లకూ కనెక్షను ఇప్పించాను. ఉన్నది ఒకటే గది, సగం మగ్గమే, పొయ్యికి గుంట పక్కనే చోటు దొరికింది. అక్కడ మాత్రం పాఠం చెప్పలేదు. మన ఇల్లే కదా అనుకుని, వాసన వస్తే తలుపు తీయండి అని ఒక్క ముక్క చెప్పి, అక్క వడ్డించిన కొర్రన్నం ముందు కూర్చున్నాను. బుద్ధి గడ్డి తినింది.

నెల తిరక్కముందే ఒక పొద్దున పొయ్యి జరపబోతే పైపు ఊడి, ఎవరూ చూసుకునేలోగా గది నిండా వాసన కొట్టింది. బావ నేను చెప్పినట్టే చేశాడు. సిలిండరు కట్టేసి, తలుపూ కిటికీ తీసి, వాసన పోయేదాకా అందరినీ వీధిలో కూర్చోబెట్టాడు. తర్వాత అక్కతో, "ఇంగేం లేదులే, చీర రేపటికి ఇయ్యాల" అని, గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, పని మొదలుపెట్టే ముందు అలవాటుగా బీడీ ముట్టించి, పుల్లను ఎప్పటిలాగే గుంటలోకి పడేశాడు. తలుపులు తీస్తే పైన గాలి మారింది గానీ, గుంటలోకి దిగింది దిగినట్టే ఉంది. మంట కిందినుంచి లేచింది. కర్నూలు ఆసుపత్రిలో మూడో రోజు పోయాడు. అప్పటికి మేనకోడలు ఉయ్యాల్లో పిల్ల.

అక్క నన్ను ఒకే ఒక్కసారి అడిగింది. "అందరిండ్లల్లో సెప్పేది మా ఇంట్లో గూడా సెప్పింటే ఏం పోయేదప్పా?" మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బతికినన్నాళ్లూ నేను పోయినప్పుడల్లా అన్నం పెట్టింది, కట్టెల పొయ్యి మీద వండి, కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గం చప్పుడే లేదు. సిలిండరు తెచ్చినాయన గడప దగ్గర దించేసి పోతాడు, నిలబడి చెప్పే తీరికా లేదు, వినే ఓపికా లేదు. గుంటలన్నీ పూడిపోయాయి, ఇక భయమేముందని ఎవరైనా అంటారు. అయినా బయల్దేరబోతూ మేనకోడల్ని పిలిచి, ఊరంతా చెప్పిన పాఠాన్ని ఆ ఇంట్లో మొదటిసారి చెప్పాను, గాలికంటే బరువు అన్న దగ్గర మొదలుపెట్టి చివరిదాకా. ఆమె పొయ్యి ఆపి, నిలబడి విన్నది.