వీపు మీద వదిలిన చోటు

వెర్నీటా హోల్మన్ తన దుకాణంలో మూడే ప్రశ్నలు అడిగేది. ఫొటో ఉందా? తేదీలు ఏమిటి? ఏ సైజులో ఎన్ని? నాలుగో ప్రశ్న ఆమె నోటి వెంట రాదని కార్వర్ వీధిలో అందరికీ తెలుసు. ఎలా పోయాడని అడగదు. ఎవరు చేశారని అసలే అడగదు. పోయినవాడి ఫొటో వేసిన టీషర్టులు తొడుక్కుని సమాధి దాకా నడవడం ఆ పేటలో పాతికేళ్ళ అలవాటు. ఆ షర్టుల్లో సగానికి పైగా ఆమె చేతి మీదుగా వెళ్ళినవే.

భర్త ఎర్ల్ ఉన్న రోజుల్లో వాళ్ళు వేసినవి బేస్‌బాల్ జట్ల షర్టులు, చర్చి గాయకుల షర్టులు, వేసవిలో బంధువులంతా కలిసే రోజున వేసుకునే పసుపు, ఊదా రంగు షర్టులు. మొదటిసారి ఒక తల్లి చనిపోయిన కొడుకు ఫొటో పట్టుకుని వచ్చినప్పుడు ఎర్ల్‌కి మనసొప్పలేదు. "ఇది మొదలుపెడితే అంతుండదు, నీటా," అన్నాడు. అంతు లేకపోయింది. ఎర్ల్ గుండె ఆగి పోయినప్పుడు అతని షర్టు కూడా ఆమే వేసింది. పుట్టిన తేదీ పక్కన ఉదయించే సూర్యుడు, పోయిన తేదీ పక్కన అస్తమించే సూర్యుడు. అందరికీ వేసినట్టే.

ఆ అక్టోబరులో ఐవరీ టాట్ అనే ఇరవై రెండేళ్ళవాణ్ణి గ్యాసు బంకు దగ్గర ఎవరో కాల్చి చంపారు. వాళ్ళవాళ్ళు నలభై షర్టులు వేయించుకున్నారు. అవి వెళ్ళిన మర్నాడు ఐవరీ స్నేహితుడు మార్క్వెల్ గేన్స్ ఒంటరిగా వచ్చాడు. గిడ్డంగిలో పెట్టెలు మోసే పని వాడిది. భుజాలు గుమ్మానికి పట్టవు, మాట మాత్రం పక్కవాడికి కూడా వినపడదు.

"ఒక్కటే కావాలి, మిస్ నీటా. ముందు ఐవరీ ఫొటో. వెనక పేర్లు."

"చెప్పు."

"మా అన్న డోరియన్. మా మామ లెస్. దాని కింద ఐవరీ." వేలితో బల్ల మీద గీత గీసి చూపించాడు. "దాని కింద చోటు వదలండి."

"ఎంత?"

"ఒక పేరు పట్టేంత."

ఆమె చేతిలో పెన్సిలు ఆగింది. వాడు చూపు తిప్పుకుని, గోడకి వేలాడుతున్న పాత బేస్‌బాల్ షర్టులని లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

ఆరేళ్ళ కిందట కెర్బీ అని ఒకడు తమ్ముడి షర్టు మీద సరిగ్గా ఇలాగే చోటు వదిలించుకున్నాడు. ఆమె ఎప్పట్లాగే ఏమీ అడగలేదు. పదకొండో రోజున కెర్బీ తమ్ముణ్ణి చంపినవాడి ఇంటికి వెళ్ళి, వాణ్ణి కాల్చి, అక్కడే తనూ పోయాడు. ఆ షర్టు మీద మిగిలిన చోట్లో కొడుకు పేరు వేయించుకోవడానికి వాళ్ళమ్మ వచ్చింది. "నీకు ముందే తెలిసుంటే చెప్పేదానివి కదా?" అందామె, నింద ఏమీ లేకుండా, ఊరికే. అంతకంటే పెద్ద నింద వెర్నీటా మరొకటి మోయలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి భోజనాల గదిలో సార్జెంట్ రోలండ్ మిమ్స్ పళ్ళెం పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆమె దగ్గర బైబిలు వచనాలు అప్పజెప్పినవాడే. ఏడాదిగా ఒకే మాట అడుగుతున్నాడు, షర్టు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళలో ఎవరి మీదైనా అనుమానం వస్తే పేరు చెప్పమని.

"మా కంప్యూటరు నాలుగు వందల పేర్లు వరసబెట్టి ఇస్తుంది, మిస్ నీటా. ఎవడు కాలుస్తాడో, ఎవడికి తూటా తగులుతుందో అది విడదీసి చెప్పదు. ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇద్దరికీ ఒకటే అంకె వేస్తుంది. దానికి మీకున్న కళ్ళు లేవు."

"నా కళ్ళకి పొద్దునా సాయంత్రం చుక్కల మందు పడుతోంది, రోలండూ. ముందు ఆ మాంసం తిను, చల్లారిపోతోంది."

"నవ్వులాటకి కాదు. మేం పట్టుకెళ్ళం. తలుపు తట్టి, కూర్చోబెట్టి మాట్లాడతాం. పని లేకపోతే పని చూపిస్తాం. ఒక్క ప్రాణం నిలబడినా చాలు కదా?"

ఆమె మెకరోనీని ఫోర్కుతో అటూ ఇటూ జరిపింది. కెర్బీ తల్లి రెండు బల్లల అవతల కూర్చుని ఎవరి పసిబిడ్డనో ఆడిస్తోంది.

"మాట్లాడతారంతే కదా?"

"అంతే."

ఆమె మార్క్వెల్ పేరు చెప్పింది. షర్టు మీద చోటు సంగతీ చెప్పింది.

బుధవారం పొద్దున పోలీసులు వాడి తలుపు తట్టారు. మార్క్వెల్ రెండేళ్ళ నాటి ఏదో కేసులో ఇంకా కోర్టు షరతుల మీద బయట ఉన్నవాడు. నేరం చేసినవాళ్ళతో తిరగకూడదన్నది అందులో ఒక షరతు. ఐవరీ అంత్యక్రియల్లో మార్క్వెల్ పక్కన నిలబడ్డ ఇద్దరు జైలుకి వెళ్ళొచ్చినవాళ్ళు. ఎవరో తీసిన ఫొటోలో ముగ్గురి గుండెల మీదా, ఆ నలభై షర్టుల్లోంచి, ఐవరీ నవ్వుతున్నాడు. ఆ ఫొటో చాలింది. పన్నెండు రోజులు లోపల ఉంచారు.

ఆ పన్నెండు రోజుల్లో కార్వర్ వీధిలో ఒక్క తూటా పేలలేదు. రోలండ్ పెద్ద కేకు పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"చూశారా? ఏమీ జరగలేదు."

"ఏమీ జరగలేదు," అందామె. "వాడు లోపల లేకపోతే జరిగేదంటావా?"

"ఇక అది ఎవరు చెప్పగలరు? జరగలేదు, అదే ముఖ్యం."

"మాట్లాడతామన్నావు."

"పై నుంచి వచ్చిన ఆర్డరు, మిస్ నీటా. నా చేతిలో లేదు."

ఆమె కేకు పెట్టె విప్పలేదు. "వాడి అంకె తగ్గిందా?"

రోలండ్ టోపీ అంచు నిమురుకున్నాడు. "పెరిగింది. లోపల ఉండి వచ్చాడు కదా. దానికీ కొంత కలుస్తుంది."

మార్క్వెల్ బయటికి వచ్చిన మూడో రోజున దుకాణానికి వచ్చాడు. షర్టు అరలో మడత నలగకుండా ఉంది. దాన్ని బల్ల మీద పరిచి, ఖాళీ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇక్కడ పేరు వేయాలి. పెర్లీన్. పెర్లీన్ గేన్స్."

"ఎవరు నాయనా?" నాలుగో ప్రశ్న. ఆమెకి తెలియకుండానే వచ్చేసింది.

"మా నానమ్మ. నదికి అవతల ఆసుపత్రిలో ఉండేది. వారం దాటదని డాక్టర్లు ముందే చెప్పారు. నన్నూ ఐవరీనీ ఒకే పళ్ళెంలో పెట్టి పెంచింది. అందుకే వాడి పేరు కింద." ఖాళీని అరచేత్తో సాపు చేశాడు. "ఊపిరి ఉన్న మనిషి పేరు ఇలాంటి షర్టు మీద వేయించకూడదు కదా. అందుకే ఆ రోజు చెప్పలేదు. నేను లోపల ఉన్న ఆరో రోజున పోయింది. నిన్నే సమాధి చూసొచ్చాను."

వెర్నీటా అచ్చు యంత్రం వేడి చేసింది. అక్షరాలు ఒక్కొక్కటే కోసి పేర్చింది. చేతులు పాత పని పాతలాగే చేశాయి. మూత దించి ఇరవై అంకెలు లెక్కపెట్టింది. మూత ఎత్తాక షర్టు మీంచి ఆవిరి లేచింది. ఆ ఆవిరి ఆరేలోగా చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పనని ఆమెకి తెలుసు.

"నీ పేరు రోలండ్‌కి ఇచ్చింది నేనే, మార్క్వెల్."

వాడు తలెత్తాడు.

"చోటు వదలమన్నావు. అలా వదలమన్నవాడు ఒకడు ఇంతకుముందు..." ఆమె యంత్రం ఆపేసింది.

"అడగొచ్చు కదా," అన్నాడు. కోపంగా కాదు. అంత చిన్న పని ఎలా కుదరలేదో అర్థం కానట్టు. "ఒక్క మాట. ఎవరికని అడిగితే చెప్పేవాణ్ణి. ఏడ్చేవాణ్ణేమో, కానీ చెప్పేవాణ్ణి."

"అడగాల్సింది."

"ఐవరీ విషయంలో నేనేం చేసేవాణ్ణో నాకే తెలీదు. ప్రమాణం చేసి చెప్తున్నా, తెలీదు. రాత్రుళ్ళు ఆలోచించాను. పొద్దున్నే పనికి పోయాను. నాకే తెలియనిది మీకెలా తెలిసింది, మిస్ నీటా?"

వెర్నీటా క్షమించమని అడిగే హక్కు ఉందో లేదో కూడా తేల్చుకోలేక, షర్టు మీద లేని నలకని దులిపింది.

మార్క్వెల్ దాన్ని ఒంటి మీదున్న చొక్కా మీదే తొడుక్కున్నాడు. భుజాల దగ్గర బిగుసుకుంది. తరవాత ఆమె వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. ఎవరి వీపు వాళ్ళకి కనపడదు. ఆ గదిలో చూసి చెప్పడానికి ఆమె తప్ప ఎవరూ లేరు.

"తిన్నగా ఉందా?"

ఆమె వేలితో మెల్లగా ఆ వరస పొడుగునా తడిమింది. గుడ్డ ఇంకా వెచ్చగా ఉంది.

"తిన్నగానే ఉంది."

"కింద ఇంకా చోటుందా?"

పెర్లీన్ పేరు కిందనుంచి అంచు దాకా జానెడు నల్లటి గుడ్డ ఉంది.

"లేదు," అంది వెర్నీటా. "ఇంకెవరికీ లేదు."

వాడు వెనక్కి తిరగలేదు. తలుపు తీసుకుని వీధిలోకి నడిచాడు. నాలుగు పేర్లూ ఎండలో మూల దాకా కనిపించాయి.