గొర్రె తోలు బెల్టులు

దేవుడి పాట పాడుతున్న అయిదుగురు మగవాళ్ల పరువును ఒకే పాటలో నడుము కిందికి దింపిన ఘనత ఈ భూమ్మీద నాకొక్కదానికే దక్కింది. ఎలా దింపానో చెబుతాను. విన్నాక మీరు నన్ను తిట్టుకోవచ్చు. నేను మాత్రం తప్పు ఒప్పుకోను.

ఎనభైలలో మేం బహ్రెయిన్‌లో, నయీమ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన ఎలక్ట్రీషియన్. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో పాటల బృందానికి ఆయనే పెద్ద. వార్షికోత్సవానికి బృందమంతా తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకోవాలనుకున్నారు. దర్జీ మహా ఉదారుడు. ప్రతి ప్యాంటునూ నడుము దగ్గర ఇంకొకరికి చోటుండేలా కుట్టాడు. సరిచేయించే వ్యవధి లేదు. అందరికీ ఒకే రంగు బెల్టులు కొందామని మా ఆయన అంటే, కొనడమెందుకు, నేను కుడతానన్నాను. అప్పటిదాకా నేను కుట్టినవి దిండు గలీబులు, పిల్లల గౌన్లు. బెల్టంటే ఏముంది, సన్నగా పొడుగ్గా ఉన్న గలీబే కదా.

ఆ బృందంలో జయరాజు అని ఒక బ్రహ్మచారి ఉండేవాడు. మా ఆడపడుచు రత్నం వదిన అతనికి సునీత అనే నర్సు సంబంధం చూసింది. ఆ అమ్మాయి, వాళ్లన్నయ్య వార్షికోత్సవానికే వచ్చి అబ్బాయిని చూసి వెళ్లేట్టు మాట్లాడింది.

“సరోజా, ఈ ఒక్కసారికీ నా మాట విను. బెల్టులు కొట్లో కొనెయ్యండి,” అంది వదిన. ఆ మాటతో నా పౌరుషం పొంగింది. ఇక కుట్టక తప్పదు.

మనామా బజారులో తోలు అమ్మే భాయ్ రెండు రకాలు మా ముందు పరిచాడు. ఒకటి గేదె వీపు తోలు. మందంగా, మా మామగారి పట్టుదలలా వంగకుండా ఉంది. రెండోది గొర్రె తోలు. పసిపాప బుగ్గే. బెల్టుకు వీపు తోలే తీసుకోవాలని, రెండు కొసలూ పట్టి లాగితే సాగకూడదని అతను హిందీలో చెప్పాడు. మా ఆయన రెండూ లాగి చూశారు. గేదె తోలు ఉలకలేదు. గొర్రె తోలు ఆవులించినట్టు సాగింది.

“ఇది సాగుతోంది సరోజా,” అన్నారు.

“అలా లాగితే నేనైనా సాగుతానండి,” అన్నాను.

మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు. మెత్తని తోలును చూస్తే నాకు కొనబుద్ధి. పైగా, మీతో చెబితే తప్పేముంది, గేదె తోలులోకి నా మిషను సూది దిగదు. ఆ సంగతి బయటపడితే వదిన గెలుస్తుంది. గొర్రె తోలే కట్టించుకొచ్చాను.

కుట్టాను. మా ఇంట్లో ఏసీ చల్లదనంలో అందరూ పెట్టుకు చూసుకున్నారు. అచ్చంగా అతికినట్టున్నాయి. వదిన ఒక బెల్టును వేలితో తడిమి, “బాగానే ఉంది,” అంది. ఆవిడ నోట ఆ మాట రావడం మా ఇంట్లో పండగ లెక్క.

వార్షికోత్సవం ఈసా టౌన్‌లో ఒక అద్దె హాల్లో. ఆగస్టులో బహ్రెయిన్ ఎలా ఉంటుందో తెలియకపోతే, పాత్రలో ఉడుకుతున్న ఇడ్లీని అడగండి. ఆ రోజే హాలు ఏసీ మొరాయించింది. మావాళ్లు చెమటలో తడుస్తూనే పాట ఎత్తుకున్నారు. ఊపిరి పీల్చినప్పుడల్లా తడిసిన తోలు కాస్త సాగింది. వదిలినప్పుడు మాత్రం వెనక్కి రాలేదు. రెండో చరణానికి మా ఆయన ఎడమచెయ్యి నడుము మీదికి చేరింది. తర్వాత పక్కాయనది. చూస్తుండగానే అయిదుగురూ తలా ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని పాడుతున్నారు. వదిన నా వైపు మెల్లగా తల తిప్పింది. నేను భక్తిగా కళ్లు మూసుకున్నాను.

సరిగ్గా అప్పుడే పాస్టరుగారు లేచి, అందరం రెండు చేతులూ ఎత్తి పాడదామన్నారు.

సభంతా ఎత్తింది. బృందంలో నలుగురు ఒక్క చెయ్యే ఎత్తారు. జయరాజుది కల్లాకపటం లేని భక్తి. రెండూ ఎత్తేశాడు. ప్యాంటు నింపాదిగా మోకాళ్ల దాకా దిగింది. చొక్కా పొడుగ్గా ఉండబట్టి బతికాం. పక్కవాడు మోచేత్తో పొడిస్తే అతను కళ్లు తెరిచి, కిందికి చూసి, చరణం పూర్తిచేసి, అప్పుడు వంగి ప్యాంటు పైకి లాక్కున్నాడు.

కూటం ముగిశాక సునీత వాళ్లన్నయ్య గబగబా బయటికి నడిచాడు. జయరాజు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అతన్ని చూస్తే నా గుండె కూడా జారింది.

“చక్కటి సంబంధం. చేజేతులా పోగొట్టావ్,” అంది వదిన.

“తోలుదేం తప్పు లేదు వదినా. అంతంత ఊపిరి పీల్చమని వాళ్లకెవరు చెప్పారు?” అన్నాను. గొంతు మాత్రం తగ్గించలేదు.

ఇంతలో సునీత తిన్నగా మా దగ్గరికే వచ్చింది. నవ్వి నవ్వి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“మా అన్నయ్యకు చెప్పేశానండి, నాకిష్టమేనని,” అంది. “ఆయన ప్యాంటు జారింది గానీ శ్రుతి జారలేదు.”

పెళ్లయింది. విందులో వదిన ప్రతి బల్ల దగ్గరా ఆగి, ఈ సంబంధం తనే కుదిర్చానని చెప్పుకుంటోంది. నేను వెనకాలే వెళ్లి సరిదిద్దుతూ వచ్చాను. చూసింది వదిన, కుదిర్చింది గొర్రె.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పెళ్లయిన మగవాళ్లకు ఈ జన్మలో ఇంకెప్పుడూ గొర్రె తోలు బెల్టు కుట్టను. పెళ్లికానివాళ్లు మాత్రం నడుము కొలతలు పంపించవచ్చు.