ఏడో కంట్రోలర్ మోగిన పొద్దు

దెయ్యాల కబుర్లు మొదలైతే కాఫీ గ్లాసు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు తటపటాయించాను.

ఎనభైల మొదట్లో మద్రాసు శివారు అంబత్తూరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో టెస్టింగ్ చూసేవాణ్ణి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లకు మేం వేడిని అదుపుచేసే కంట్రోలర్లు తయారుచేసేవాళ్లం. వేడి హద్దు దాటితే అందులోని బజర్ మోగాలి. అంతేగాని పక్కన మోటారు నడిచినా, వెల్డింగు జరిగినా ఉత్తినే మోగకూడదు. నా పరీక్ష ఈ రెండోదానికే; మొదటిదాన్ని విడిగా పరీక్షించే ఏర్పాటు అప్పట్లో మాకు లేదు. బయటి రేడియో తరంగాలు రాకుండా రాగి జాలీ కట్టిన గదిలో కంట్రోలర్ పెట్టి, దాని పక్కనే నిప్పురవ్వలు రాల్చే పాత డ్రిల్లు నడిపేవాణ్ణి. నోరెత్తకపోతే పాస్.

ఆ పొద్దున ఆరు పాసయ్యాయి. ఏడోది మోగింది. డ్రిల్లు ఆపినా ఆగలేదు. కంట్రోలర్ ప్లగ్గు పీకేసినా మోగుతూనే ఉంది. కాసేపటికి దానంతట అదే ఆగింది.

కరెంటు పోతే ఆదుకోవడానికి లోపల బ్యాటరీ ఉంటుంది, దాని పనే అనుకున్నాను. మళ్లీ రెండుసార్లు పరీక్షించాను. చప్పుడు లేదు. బయట ఆసుపత్రికి వెళ్లాల్సిన వ్యాను నిలబడి ఉంది. సరేలెమ్మని పాస్ రాయబోయాను.

టంకం వేసే సుబ్బమ్మ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. తరతరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగువాళ్ల మనిషి.

"బ్యాటరీలు ఇంకా రానేలేదే సార్, వచ్చినాక ఆసుపత్రిలోనే పెడతారంట. ఆడ ఖాళీగా ఉండాది. ఎట్టా మోగింది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. నీ పని నువ్వు చూసుకోమన్నాను. ఆమె కదల్లేదు. కంట్రోలర్ మీద చెయ్యి వేసి, "పంపొద్దు సార్. పసిబిడ్డలకు పెట్టేది" అంది.

విసుక్కుంటూనే మూత విప్పాను. నిజంగానే బ్యాటరీ లేదు. హీటర్‌ను ఆపాల్సిన రిలే స్విచ్చు అతుక్కుపోయి ఉంది. నా పరీక్షలో హీటర్ తగిలించం కాబట్టి అది బయటపడే దారే లేదు. ఆసుపత్రిలో వేడి పెరుగుతూనే పోయేది. పోనీ బజరైనా హెచ్చరించేదా అంటే, దానికి వెళ్లే వైరుకు అసలు టంకమే పడలేదు.

ఆ టంకం వేయాల్సింది సుబ్బమ్మే. ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

తర్వాత తెలిసిన ఇంజనీర్లందరినీ అడిగాను. తలా ఒకటి చెప్పారు, ఒక్కటీ అతకలేదు. ఆ బజర్ ఎలా మోగిందో నాకిప్పటికీ తెలియదు. కానీ నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. అది అంతసేపు మోగుతుంటే, ఎలా నోరు మూయించాలా అని తప్ప, ఎందుకు మోగుతోందని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.