గడప దాటిన జొన్నగింజలు

నా చిన్నప్పుడు మా ఇంటి వాకిట్లో ఇరవై నాపరాతి బండలు ఒకే వరుసలో పరిచి ఉండేవి, గేటు దగ్గర మొదలై గడప దాకా. జమ్మలమడుగు చుట్టుపక్కల ఆ రాయి లేని ఇల్లు లేదు కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతంతా మా తాతయ్య వాటికి చెప్పిన లెక్కలో ఉంది. ఒక్కో బండ నూరేళ్లు. గడప అంటే ఈ రోజు. గడప దిగి గేటు వైపు నడిచే కొద్దీ కాలం వెనక్కి పోతుంది. గేటు దాటితే రెండు వేల ఏళ్ల అవతల, మాకెవరికీ ఏమీ తెలియని చోటు. మా బడి అదే. పలకా బలపం దాని తర్వాతే.

మా తమ్ముడికి పుట్టుకతోనే గుండెజబ్బు. నాలుగడుగులు గబగబా వేస్తే పెదవులు నేరేడు పళ్లు తిన్నట్టు నల్లబడేవి. బడి ఊరికి ఆ చివర ఉండేది. నాన్న బండల లారీ తోలుతూ నెలలో ఇరవై రోజులు బయటే ఉండేవాడు, వాణ్ని రోజూ ఎత్తుకుపోయి తెచ్చే దిక్కు లేదు. గనిలో ముప్పై ఏళ్లు ఉలి పట్టి, రాతిదుమ్ముకు ఊపిరి చాలక ఇంట కూర్చున్న తాతయ్య, "వానికి సదువు నేను చెప్తా" అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఒగనితో ఆటేంది? పాప గూడా ఉండాల" అన్నాడు. ఆరో తరగతిలో చేరాల్సిన నన్ను బడి మాన్పించారు. నన్నెవరూ అడగలేదు.

ఈ సంగతి దాచి మిగతాది చెబితే న్యాయంగా ఉండదు. నాకు బడంటే ప్రాణం. నా సావాసగత్తెలు జడలు ఊపుకుంటూ మా గేటు ముందు నుంచే పోతుంటే కుళ్లిపోయేదాన్ని. తమ్ముడి మీద ప్రేమ లేక కాదు. వాడికి ముద్ద కలిపి పెట్టేదీ నేనే, వీడి వల్లే కదా అని పళ్లు నూరుకునేదీ నేనే.

మా ఆట తొక్కుడుబిళ్ల లాంటిదే. తమ్ముడు గడప మీద కూర్చుని బిళ్ల విసిరేవాడు. వాడు గెంతలేడు కాబట్టి వాడి బదులు నేను ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయి ఆ బిళ్ల పడిన బండ మీద నిలబడేదాన్ని. అప్పుడు వాడు ఆ కాలం సంగతి ఒకటి చెప్పాలి. చెప్పలేకపోతే తాతయ్య చెప్పేవాడు. ఉత్త నోటిమాటలతో కాదు. ఐదో బండ మీద గండికోట దగ్గర ఏరుకొచ్చిన కుండపెంకులు పెట్టి, వాటిని అతికించి కుండ చేయమనేవాడు. చిట్టురాళ్లతో కోట కట్టించి, మా చేతులతోనే ముట్టడి వేయించి, లోపల ఉన్నవాళ్లకు నీళ్లు ఎన్ని రోజులొస్తాయో చెంబుతో కొలిపించేవాడు. రెండో బండ మొదట్లోనే, లక్షల మందిని ఆకలితో చంపిన ధాతు కరువు ఉండేది. ఆ పాఠం రోజు మాకు తిండి పెట్టనివ్వలేదు. కడుపు నింపుకుని కరువు నేర్చుకుంటే తలకెక్కదన్నాడు. తమ్ముడికి మాత్రం పెట్టమని ఆయనే అంటే వాడు ముద్దకు నోరు తెరవలేదు, అక్కకు లేనిది నాకొద్దన్నాడు. సాయంత్రానికి అమ్మ తాతయ్యను తిట్టిన తిట్లు ఆ వీధిలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఆటకు ఒక్కటే కట్టుబాటు. కల్పించి చెప్పకూడదు. తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. ఎవరైనా అబద్ధం చెప్పారనిపిస్తే మిగిలినవాళ్లు "ఔటు" అనాలి. అన్నవాళ్లు నిజమేమిటో చెప్పాలి. దొరికిపోయినవాళ్లు నోరు మూసుకుని పోయి గేటు బయట నిలబడాలి. తమ్ముడికి కథలల్లే అలవాటు, లేని రాజులకు ఏనుగులు కూడా ఇచ్చేసేవాడు. పట్టుకోవడంలో నేను దిట్టను. నేను ఔటు అన్నప్పుడల్లా తాతయ్య నా తల మీద చెయ్యి వేసి మెచ్చుకునేవాడు. బడి పోయిన నాకు ఆ చెయ్యి ఒక్కటే దక్కింది, దానికోసం ఎంత చిన్న అబద్ధాన్నైనా వదిలేదాన్ని కాదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక వాణ్ని ప్రొద్దుటూరులో పెద్ద డాక్టరుకు చూపించడానికి అందరం పోయాం. డాక్టరు తాతయ్యను ఒక్కణ్నే లోపలికి పిలిచి మాట్లాడాడు. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో తమ్ముడు అమ్మ ఒళ్లో నిద్రపోయాడు. నేను సంచి మీద తల పెట్టుకుని కళ్లు మూసుకున్నాను గానీ నిద్రపోలేదు. "పదేండ్లు నిండేదే కష్టమంట" అన్నాడు తాతయ్య అమ్మతో. అప్పటికి వాడికి తొమ్మిది నిండి ఆరు నెలలు. అమ్మ ఏడవలేదు. వాడి చెప్పు ఊడితే వంగి తొడిగింది, అంతే. ఆ మాట విన్నానని నేను ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు తాతయ్య జొన్నలు తెచ్చి కొత్త పాఠం మొదలుపెట్టాడు. బండ అంచు వెంట పేరిస్తే ఒక్కో బండకు సరిగ్గా వంద గింజలు పడతాయి. పట్టకపోతే పట్టేలా ఆయనే దగ్గరికి నెట్టేవాడు. గింజకొక ఏడు. గడప దగ్గర నుంచి వెనక్కి తనవి అరవై ఏడు పేర్చాడు. వాటి పక్కన నావి పన్నెండు. ఆ పక్కన తమ్ముడివి తొమ్మిది. ఇంత పెద్ద వాకిట్లో మన ముగ్గురం కలిసి ఒక్క బండను దాటలేదు చూడండి అని నవ్వాడు. అది మంచి పాఠం. అక్కడ ఆగి ఉంటే నేను ఈ రోజు దాన్ని నవ్వుతూ రాసేదాన్ని.

తమ్ముడు వాడి గింజలను వేలితో లెక్కపెట్టుకున్నాడు. "ఇయ్యి అయిపోయినేవి గదా తాతా. రాబొయ్యేటివి ఎన్ని ఉండాయి?" అన్నాడు.

తాతయ్య చాటలోంచి పిడికెడు జొన్నలు తీశాడు. గడపను ఆనుకుని ఉన్న వాడి గింజ తర్వాత ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాడు. గడప మీదికి ఎక్కించాడు, గడప దాటించాడు, మోకాళ్ల మీద పాకుతూ లోపలి గచ్చు మీద పెట్టుకుంటూ పోయాడు. ఊపిరి అందక మధ్యలో ఆగి మళ్లీ పెట్టాడు. అరవై దాకా పెట్టి ఉంటాడు. "శానా ఉండాయిరా. నీయి ఇంట్లోకి పోతాండాయి చూడు" అన్నాడు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకిప్పటికీ కనిపిస్తుంది.

"తాతా, ఔటు" అన్నాను.

ఎందుకన్నాను? నేర్చుకున్న ఆట నోట్లోంచి దానంతటదే వచ్చిందా? ఆ చెయ్యి తల మీద పడుతుందనుకున్నానా? లేక వాడి ముందు అన్నేళ్లు బారులు తీరి ఉంటే, నేనూ అన్నేళ్లు ఈ వాకిట్లోనే గెంతుతూ ఉండాలా అని కడుపు మండిందా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఒక్కో రోజు ఒక్కో జవాబు వస్తుంది, ఏదీ నన్ను వదిలిపెట్టదు.

తమ్ముడు నా వైపు తిరిగాడు. ఔటు అన్నవాళ్లు నిజం చెప్పాలి కదా, దానికోసం చూస్తున్నాడు. నేను తాతయ్య వైపు తిరిగాను. తాతయ్య నా మొహం చూశాడు, నాకంతా తెలుసని ఆయనకు అప్పుడే అర్థమైంది. కాదని వాదిస్తే నేను ఆ మాట బయటికి అనాల్సి వస్తుంది. నాచేత అనిపించకూడదనుకున్నాడేమో, గోడ పట్టుకుని లేచాడు. ఇరవై బండలూ దాటుకుంటూ పోయి, గేటు తీసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో వీధిలో నిలబడ్డాడు. మాకు వీపు చూపించి నిలబడ్డాడు. నేను చెప్పకుండా ఆపబోయి ఆయనే చెప్పేశాడు.

తమ్ముడు ఆ వీపును చాలాసేపు చూశాడు. వాడు తెలివైనవాడు, అదే మా ఖర్మ. తర్వాత నెమ్మదిగా లోపలికి జరిగి, గచ్చు మీదున్న గింజలన్నీ అరచేత్తో వెనక్కి ఊడ్చాడు. గడప మీదివీ ఊడ్చాడు. తొమ్మిది మిగిలాయి. ఊడ్చిన కుప్పలోంచి ఒక్క గింజ తీసి వాటి పక్కన పెట్టి, "ఇది ఒగటన్నా ఉంటాదా అక్కా?" అన్నాడు.

"ఉంటాది" అన్నాను.

నన్ను ఎవరూ ఔటు అనలేదు. వాడు గేటు వైపు చూసి, "తాతా, లోపలికి రా, ఎండగా ఉంది" అని పిలిచాడు.

ఆ తర్వాత కూడా ఆట ఆడాం. వాడే ఆడదామనేవాడు. కానీ గడప పక్క బండ మీద మళ్లీ ఎప్పుడూ బిళ్ల వేయలేదు. శక్తినంతా చేతిలోకి తెచ్చుకుని గేటు వైపే విసిరేవాడు. ఎందుకురా అంత దూరం అని అమ్మ అడిగితే, "ఆడ అందరూ సచ్చిపోయినోళ్లే గదమ్మా, భయం ఉండదు" అన్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది. వాడు కథలల్లడం కూడా మానేశాడు. తెలిస్తే చెప్పేవాడు, తెలియకపోతే తెలియదనేవాడు. ఏనుగులు కావాలని నేనే బతిమాలాను. వాడు ఇవ్వలేదు.

శనగ పీకే రోజుల్లో, ఉగాది ఇంకా రాకముందే పోయాడు. పదో గింజ నిండలేదు. నన్ను మళ్లీ బడిలో చేర్చారు. నేను కోరుకున్నది నాకు దక్కింది. రెండు జడలు వేసుకుని మా గేటు ముందు నుంచే నడిచిపోయేదాన్ని, లోపల గడప మీద ఎవరూ ఉండేవాళ్లు కాదు. తాతయ్య నన్నొక్క మాట కూడా అనలేదు. పోయేముందు ఒకసారి మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని, "నువ్వు తప్పు చెప్పల్యా పాపా. నేర్పిచ్చినోన్ని నేనే తప్పు నేర్పిచ్చినా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టు అయితే ఎప్పుడో ఒకప్పుడు మరుపు వచ్చేది.

నేను చరిత్ర టీచరునయ్యాను. పులివెందులలో, మైదుకూరులో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఎవరి ముందూ జొన్నలు పెట్టలేదు. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నాను. మా మేడ మీద అద్దెకున్న దంపతులు ఇంట్లోనే ల్యాప్‌టాపుల ముందు ఉద్యోగం చేసుకుంటూ, ఏడేళ్ల కూతురికి బడి లేకుండా తామే చదువు చెప్పుకుంటున్నారు. ఇల్లంతా అట్టముక్కలు, పాచికలు, రంగుల పటాలు. చరిత్ర కూడా ఏదైనా ఆటగా చెప్పండి టీచరమ్మా అని వాళ్లమ్మ అడిగింది. వద్దనుకుంటూనే ఒప్పుకున్నాను. నిన్న వరండాలో బండల మీద కూర్చోబెట్టి, వేరే ఏమీ తోచక, తాతయ్య పాఠమే చెప్పాను. పాప తన ఏడు గింజలు పేర్చుకుంది. చక్కటి పిల్ల, గుండ్రాయిలా ఉంది, ఏ జబ్బూ లేదు. అయినా అది తలెత్తేలోపే ఏం అడగబోతోందో నాకు తెలిసిపోయింది.

"అవ్వా, ఇంగ నాయి ఎన్ని ఉండాయి?"

తెలియదు అనాలి. ఆట కట్టుబాటు అది. నేను డబ్బా ఎత్తి జొన్నలన్నీ దాని ముందు కుమ్మరించాను. వరండా నిండా పరుచుకున్నాయి, గడప దాటి లోపలికి దొర్లాయి. పాప కేరింతలు కొట్టింది, వాళ్లమ్మ నవ్వింది. ఔటు అనేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. నేనే మెల్లగా లేచి, గేటు తీసుకుని, వీధిలోకి పోయి నిలబడ్డాను. లోపలికి రమ్మని పాప పిలుస్తోంది. ఎండగా ఉందవ్వా అంటోంది. ఆ మాటకు వెనక్కి తిరగడానికి నాకు చాలాసేపు పట్టింది.