రిసార్టుకి వచ్చిన క్యారేజీ

దయ్యాలనీ ఆత్మలనీ ఎవరైనా కబుర్లు మొదలుపెడితే, కాఫీ కలిపొస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయే రకం నేను. ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఏదైనా సరే, శాంపిల్ తెచ్చి బల్ల మీద పెడితేనే నాకు నమ్మకం. ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా శాంపిల్ ఉండేది. దాన్ని పారబోయించింది నేనే.

నాకు గట్టి నమ్మకం ఉన్నది ఒక్క విషయంలోనే. ప్రయాణమంటూ చేస్తే మంచి హోటల్లో దిగాలి. చూడ్డానికి అందంగా ఉండాలి, దుప్పట్లు తెల్లగా ఉండాలి, కిటికీ తీస్తే మనసుకి హాయిగా ఉండాలి. గదిలోకి వెళ్ళగానే నేను పరుపు ఎత్తి చూస్తాను, బాత్రూములో మూల మూలా చూస్తాను. మావారు దాన్ని ఇన్‌స్పెక్షన్ అని వెక్కిరిస్తారు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి వెళ్ళి, ముప్ఫై మంది మధ్య చాప మీద పడుకుని, పొద్దున్నే చెంబుతో వరసలో నిలబడ్డవాళ్ళకి నా బాధ అర్థమవుతుంది.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో మావారికి గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. ఉప్పు, నూనె బాగా తగ్గించాలనీ, కంటి నిండా నిద్ర ఉండాలనీ, మనసుకి కంగారు పనికిరాదనీ డాక్టరు చెప్పారు. మిగతావన్నీ నా చేతిలో పని, చేశాను. నిద్ర మాత్రం రాలేదాయనకి. ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్న, "ఒక్కసారి పెద్దమ్మని చూసొద్దాం సుజాతా" అన్నారు.

మావారిది రాజోలు దగ్గర పల్లెటూరు. ఐదేళ్ళప్పుడు తల్లి పోతే, తల్లి అక్కగారు మార్తమ్మ గారు పెంచారు. నాకు పెద్దత్తయ్య అవుతారు. మిషన్ బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యారు. మావారిని అబ్బులూ అని పిలుస్తారు. ఆ పేరుతో పిలిచే మనిషి ప్రపంచంలో ఆవిడ ఒక్కరే. కొన్నేళ్ళుగా చెవులు వినబడక ఫోన్లో మాట్లాడ్డం మానేశారు. మేం ఫోన్ చేస్తే ఆవిడ కొడుకు, అంటే మా బావగారు, "అమ్మ బానే ఉందిరా" అనేవారు. మేం ఊరు వెళ్ళి అప్పటికే రెండేళ్ళు దాటింది.

గుండెపోటు సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే పెద్దత్తయ్య తట్టుకోలేరని మావారే వద్దన్నారు.

వెళ్దాం గానీ ఇంట్లో దిగొద్దు అన్నాను నేను. గోదావరి ఒడ్డున మంచి రిసార్టు ఉందని విన్నాను. మావారు కంగారుపడ్డారు. "ఊరొచ్చి హోటల్లో దిగామంటే ఏమనుకుంటారు?" అన్నారు. కోనసీమలో ఇది చిన్న తప్పు కాదు. మనవాళ్ళున్న చోట గది అద్దెకి తీసుకోవడమంటే మీ ఇల్లు మాకు పనికిరాదని చెప్పినట్టే లెక్క. అది నాకూ తెలుసు. కానీ ఆ ఇంట్లో దిగితే ఏమవుతుందో కూడా తెలుసు. పొద్దుణ్ణుంచి రాత్రిదాకా పలకరింపులకి వచ్చేవాళ్ళుంటారు. మనిషి చిక్కాడేమని ఆరా తీస్తారు. విస్తట్లో వద్దంటే ఇంకో గరిటె వేస్తారు, ఎందుకంటే మొదటిసారి వద్దన్నది అక్కడ వద్దన్నట్టు కాదు.

చివరికి ఒప్పందానికొచ్చాం. గురువారం దిగి, మూడు రోజులు ఎవరికీ తెలియకుండా రిసార్టులో విశ్రాంతి తీసుకుంటాం. ఆదివారం చర్చి అయ్యాక, అప్పుడే హైదరాబాదు నుంచి వచ్చినట్టు ఇంటికి వెళ్తాం. గది నా పేరు మీదే తీసుకున్నాను.

రిసార్టు నేననుకున్నదానికంటే బాగుంది. మాకిచ్చింది ఏటి వైపు చివరి కాటేజీ. నున్నటి చెక్క నేల, మంచం పక్కనే పెద్ద కిటికీ, అందులోంచి నిండుగా గోదావరి, అవతలి ఒడ్డున కొబ్బరితోటలు. నా ఇన్‌స్పెక్షన్‌లో ఒక్క తప్పూ దొరకలేదు. అక్కడికి మా ఊరు నాలుగు కిలోమీటర్లు.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి రిసెప్షన్ నుంచి ఫోన్. "మేడమ్, మీకు ఇంటి దగ్గర్నుంచి క్యారేజీ వచ్చిందండి" అన్నారు. గది పనులు చూసే ఆయన తెచ్చి ఇచ్చి వెళ్ళాడు.

మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. పాతది, ఒక పక్క సొట్ట. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు, మార్తమ్మ అని. మావారు దాన్ని చూసి గట్టిగా నవ్వేశారు. "దొరికిపోయాం. ఇది నా హైస్కూలు క్యారేజీ సుజాతా."

నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. ఆ పక్క ఎవరో ఒకరు కారు దిగుతుంటే చూసి ఉంటారు, చూస్తే గంటలో ఊరంతా తెలుస్తుంది. చుట్టాలు హోటల్లో దిగారని తెలిస్తే మనసులో నొచ్చుకుని, పైకి ఏమీ అనకుండా క్యారేజీ పంపడం అక్కడ మామూలే.

కింది గిన్నెలో అన్నం పొగలు కక్కుతోంది. మధ్య గిన్నెలో చింతచిగురు, ఎండురొయ్యల కూర. పై గిన్నెలో పెరుగు. మావారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. మామూలుగా ఒక నిమిషంలో అయిపోయేది, ఆ రోజు చాలాసేపు చేసుకున్నారు.

ఎండురొయ్యలంటే నా దృష్టిలో ఉప్పుగడ్డ. ఎన్ని శాంపిళ్ళు చూశానో లెక్కలేదు. ఆయన ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్ద తిన్నారు. మూడోది కలుపుతుంటే నేను కంచం లాగేశాను.

"చప్పగానే ఉందే" అన్నారు.

"మీ నాలుకకి ఏదైనా చప్పగానే ఉంటుంది" అన్నాను.

రూమ్ సర్వీసుకి ఫోన్ చేసి కూరగాయల సూపు, రెండు పుల్కాలు తెప్పించాను. క్యారేజీలో ఉన్నది పారబోసి గిన్నెలు కడిగి ఇమ్మని గది పనులాయనకి చెప్పాను. మావారు చెయ్యి కడుక్కోకుండా కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆ చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నారు.

తర్వాత, "ఇప్పుడే వెళ్దాం. తెలిసిపోయాక ఇంకా ఇక్కడ దాక్కోవడమేంటి?" అన్నారు. బయట ఎండ మండిపోతోంది. ఎండ తగ్గాక వెళ్దామన్నాను. ఆయన మాత్రలు వేసుకుని పడుకున్నారు. అయిదింటికి చూస్తే గాఢంగా నిద్రపోతున్నారు. ఏడింటికీ అంతే. రెండు నెలల తర్వాత ఆయన అలా నిద్రపోవడం అదే మొదలు. లేపబుద్ధి కాలేదు. ఎంత మంచి చోటు చూశానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. పొద్దున్నే వెళ్దామనుకుని నేనూ పడుకున్నాను.

శనివారం పొద్దున్న ఆరింటికి బావగారి ఫోన్. స్పీకర్లో నాకూ వినబడింది. "అమ్మ పోయిందిరా తమ్ముడూ. ఇందాకే, అయిదింటికి. నువ్వు కంగారు పడకుండా బయల్దేరు. సాయంత్రందాకా ఉంచుతాం."

మేం హైదరాబాదులో ఉన్నామనే అనుకుంటున్నారు ఆయన. అంటే మేం ఇక్కడున్నామని ఆ ఇంట్లో తెలియదు. ఆ క్షణంలో ఈ సంగతి నాకు తట్టలేదు. మావారిని చూసుకోవడమే సరిపోయింది.

కారు కోసం గేటు దగ్గర నిలబడ్డప్పుడు, నిన్న క్యారేజీ ఎవరు తెచ్చారని కాపలా ఆయన్ని అడిగాను. పెద్ద వయసు మనిషి, ఆ చుట్టుపక్కల ఊరాయనే.

"పెద్దావిడండి. తెల్లచీర కట్టుకుని నడిచే వచ్చేరండి. ఏటి వైపు చివరింట్లో మా అబ్బులున్నాడు, ఇచ్చెయ్యి అన్నారు. ఎండలో వచ్చేరు, కూర్చుని మంచినీళ్ళు తాగండి అంటే వద్దన్నారండి. రొయ్యలు మూడు నీళ్ళల్లో కడిగేను, ఉప్పు వెయ్యలేదు, ఆ అమ్మాయికి చెప్పు అన్నారు. మీకు చెప్దామనుకుని మర్చిపోయేనండి."

ఎండలో నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చి ఆవిడ ప్రాణం మీదికి తెచ్చుకున్నారని అనుకున్నాను. నా వల్లే అనుకున్నాను. ఉప్పు సంగతి ఆవిడకి ఎలా తెలిసిందన్న ప్రశ్న కారెక్కాక గాని రాలేదు.

ఇంటికి చేరేసరికి ఫోన్ వచ్చి అరగంట కాలేదు. కారు మీద రిసార్టు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ చదివారు. హైదరాబాదు నుంచి అరగంటలో ఎలా వచ్చారని ఒక్కరూ అడగలేదు. పక్కకి జరిగి దారిచ్చారంతే. గోదావరి జిల్లా మర్యాద అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

పెద్దత్తయ్య చిన్నపిల్లంత అయిపోయి ఉన్నారు. మావారు పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. బావగారి భార్యని, అంటే మా అక్కయ్యని, నేను వంటింట్లోకి తీసుకెళ్ళి అడిగాను, నిన్న ఎండలో అంత దూరం ఎందుకు నడవనిచ్చారని.

అక్కయ్య నా వైపు వింతగా చూసింది. "నడవడమేంటమ్మా? డిసెంబర్లో పడిపోయేరు, తుంటి ఎముక విరిగింది. అప్పట్నుంచీ మంచం మీదేనమ్మా. అంత దూరాన మీరు కంగారు పడతారని మీ బావగారు చెప్పొద్దన్నారు. బుధవారం నుంచి అసలు కళ్ళే తెరవలేదు. ఇవాళ రేపట్లో తేరుకుంటారులే అనుకున్నాం."

మేం గుండె సంగతి దాచాం. వాళ్ళు తుంటి సంగతి దాచారు. ఎవరికి వాళ్ళం ఎదుటివాళ్ళ మంచికే.

సంచిలోంచి క్యారేజీ తీసి గట్టు మీద పెట్టాను. అక్కయ్య చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. అది ఏళ్ళ తరబడి అటక మీద గోనెసంచిలో ఉంటోందంది. ఎవరు దింపారో తెలియదంది. ఆ వారంలో ఆ ఇంట్లో చింతచిగురు వండలేదు. శుక్రవారమైతే పొయ్యే వెలిగించలేదు, పక్కింటివాళ్ళు పెట్టింది తిన్నారు.

తర్వాత ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, తనంతట తనే, ఇంకో మాట చెప్పింది. "నిన్న మధ్యాన్నం ఒంటిగంటప్పుడు ఉన్నట్టుండి మాట్లాడేరమ్మా. రెండు రోజుల తర్వాత అదే మొదటి మాట. రెండు ముద్దలే తిన్నాడే, అన్నారు. ఎవరత్తయ్యా అని చెవి దగ్గర నోరు పెట్టి అడిగేను. మళ్ళీ పలకలేదు."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ కాటేజీలో ఉన్నది మేమిద్దరమే. తలుపు వేసి ఉంది.

కెమెరాలు ఉంటాయి కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. సోమవారం గది ఖాళీ చెయ్యడానికి వెళ్ళినప్పుడు మేనేజరు గారు చూపించారు. గేటు దగ్గరి కెమెరా కార్ల నంబర్లు పడేలా ఒక పక్కకి తిప్పి ఉంది. కాపలా ఆయన కుర్చీలోంచి లేవడం, నమస్కారం పెట్టడం, చేతులు చాచి క్యారేజీ అందుకోవడం కనబడతాయి. ఇచ్చిన మనిషి అందులో పడలేదు. గేటు రిజిస్టర్లో ఆయన చేతిరాతతో పన్నెండూ ఇరవై అనీ, మార్తమ్మ గారు అనీ, క్యారేజీ అనీ ఉంది. ఫొటో తీసుకున్నాను, నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. పెద్దత్తయ్య ఫొటో చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, "పోలికైతే ఉందండి. శుక్రవారం వచ్చినావిడ ఇంత పెద్దావిడ కాదండి. నేను చెప్పలేనండి" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషిలా లేడు.

చుట్టాల్లో, ఇరుగుపొరుగులో అందరినీ కదిపి చూశాను. మేం వచ్చినట్టు ఎవరికీ తెలియదు. స్టెంట్ల సంగతి అసలే తెలియదు. గిన్నె అడుగున ఒక మెతుకు మిగిల్చినా నా ల్యాబులో ఏదో ఒకటి తేలేది. శుభ్రంగా సబ్బుతో కడిగించాను.

ఇప్పుడు మావారు బాగున్నారు. నేను ఇప్పటికీ మంచి హోటల్లోనే దిగుతాను, ఇప్పటికీ పరుపు ఎత్తి చూస్తాను. ఆ రెండు ముద్దల మాట మాత్రం ఆయనకి చెప్పే ధైర్యం రాలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

క్యారేజీ ఎవరు వండి ఎవరు తెచ్చారో నాకు తెలియదు. రెండేళ్ళు ఆలోచించాను, తేలలేదు, ఇక తేలుతుందనీ అనుకోను. దయ్యమనడానికీ నోరు రాదు, ఎందుకంటే శుక్రవారం మధ్యాహ్నానికి ఆవిడ ఇంకా బతికే ఉన్నారు. కారులో పది నిమిషాల దూరంలో ఉన్నారు. మావారు ఇప్పుడే వెళ్దామన్నారు. ఎండ తగ్గాక అన్నాను నేను.